సూర్యకిరణ్ గొప్పా, బ్లూ ఏంజెల్స్ గొప్పా? బావతో పందెం పడింది, సాయం చేయండి

గూడూరు_నిమ్మకాయ
మా బావ డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి గూడూరు వచ్చాడు. మావాడు నా ఫోన్‌లో సూర్యకిరణ్ (మన ఎయిర్‌ఫోర్స్ విమాన విన్యాసాల జట్టు) వీడియో తీసి వాళ్ల మామయ్యకు చూపించాడు. 2024 అక్టోబరు 6న మెరీనా బీచ్‌లో, వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఒంటి చేత్తో తీసిన వీడియో అది. బావ సగం కూడా చూడకుండా "ఇవి ట్రైనింగ్ విమానాలురా, పిల్లకాయలు నేర్చుకునేవి. మా బ్లూ ఏంజెల్స్ అయితే అసలు సిసలు ఫైటర్లు" అని తీసిపారేశాడు. వాడి మొహం వాడిపోయింది.

("మా" బ్లూ ఏంజెల్స్ అంట, అమెరికా నేవీ విన్యాసాల జట్టు. గ్రీన్ కార్డు ఇంకా రానేలేదు.)

ఏ జట్టు గొప్పదో తేల్చడానికి ఒక లెక్క ఏదన్నా ఉందా? ఆదివారం మళ్లీ భోజనానికి వస్తున్నాడు. ఓడినవాళ్లు చేపల పులుసు పెట్టాలని పందెం.

కావలి_కుర్రోడు
బావ చెప్పింది నిజమే కదన్నా. సూర్యకిరణ్ నడిపే హాక్ విమానం ట్రైనరే. బ్లూ ఏంజెల్స్‌వి సూపర్ హార్నెట్ ఫైటర్లు, విమాన వాహక నౌక మీద నుంచి లేచేవి. పులుసు రెడీ చేసుకో.

చీమకుర్తి_గ్రానైట్
పులుసు ఎవరు పెట్టినా తినేది బావే. ఈ పందెంలో నీకు లాభం ఎక్కడుంది?

గూడూరు_నిమ్మకాయ
@చీమకుర్తి_గ్రానైట్ అది నాకు ఇప్పుడు వెలిగింది.

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్లు బీదర్‌లో ఉన్నాను, అంటే సూర్యకిరణ్ ఇంట్లోనే. కాబట్టి నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా.

ట్రైనర్ అన్నంత మాత్రాన తీసిపారేయాలంటే ప్రపంచంలో సగం జట్లను తీసిపారేయాలి. ఇంగ్లండు వాళ్ల రెడ్ యారోస్ నడిపేది ఏంటనుకున్నారు? అదే హాక్. 1980 నుంచి దాని మీదే ఉన్నారు. వాళ్లది పాత రకం, మనది తర్వాతి రకం. ఫ్రెంచి వాళ్లది ఆల్ఫా జెట్, ఇటలీ వాళ్లది ఎంబీ-339, కెనడా స్నోబర్డ్స్‌ది ట్యూటర్. అన్నీ ట్రైనర్లే. ఫైటర్లతో చేసేది అమెరికా, రష్యా, చైనా లాంటి కొద్దిమందే.

ఇంకో మాట. అమెరికా ఎయిర్‌ఫోర్స్ జట్టు థండర్‌బర్డ్స్ కూడా 1974 నుంచి కొన్నేళ్లు టీ-38 ట్రైనర్లే వాడింది. పెట్రోలు సంక్షోభం వచ్చింది, అప్పటిదాకా నడిపిన ఫాంటమ్ ఫైటర్లకు పోసే ఇంధనం భారమైంది. ఈ ముక్క మీ బావకు భోజనం మధ్యలో చెప్పండి, పెరుగన్నం దగ్గర.

మేము పనిచేసిన రోజుల్లో సూర్యకిరణ్ హాక్ కాదు, కిరణ్ మార్క్-2. 1996లో జట్టు మొదలైంది దానితోనే. అందులో ఆర్ఫియస్ ఇంజిన్. రెడ్ యారోస్ మొదట్లో నడిపిన నాట్ విమానంలోనూ ఆర్ఫియసే. 2011లో జట్టును ఆపేశారు. కారణం ప్రమాదం కాదు. కొత్త కుర్రాళ్లకు నేర్పడానికి విమానాలు చాలలేదు, దీపక్ ట్రైనర్లు అప్పటికే నేల మీద కూర్చున్నాయి. మా కిరణ్‌లను శిక్షణకు తీసుకున్నారు. ఎరుపు తెలుపు రంగు విమానం మామూలు పనికి పోతుంటే, పెళ్లిబట్టలతో పొలానికి పోయినట్టుండేది. 2015లో హాక్‌లతో మళ్లీ మొదలుపెట్టారు. ముందు నాలుగు, తర్వాత పెంచుకుంటూ తొమ్మిది.

కావలి_కుర్రోడు
సార్, చరిత్ర బావుంది. కానీ అడిగింది ఏది గొప్ప అని. అందరూ ట్రైనర్లు వాడితే ట్రైనర్ ఫైటర్ అయిపోతుందా?

కందుకూరు_కెమెరా
నేను కావలి తమ్ముడి వైపు. 2013లో బెంగళూరు యలహంక ఎయిర్‌షోలో రష్యా వాళ్ల జట్టు రష్యన్ నైట్స్‌ని చూశాను. సుఖోయ్-27లు. ఒక్కోటి ఖాళీగానే పదహారు టన్నుల పైన. హాక్ ఖాళీగా ఐదు టన్నుల లోపే. అంత పెద్ద శరీరాలు రెక్కకు రెక్క ఆనించినట్టు కలిసి లేచి, కలిసి పల్టీ కొట్టడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. శబ్దం చెవికి కాదు, పొట్టకు తగులుతుంది. పక్కన పెట్టుకున్న టీ కప్పులో అలలు వచ్చాయి. అదే రోజు చెక్ వాళ్ల ఫ్లయింగ్ బుల్స్ అని చిన్న ప్రొపెల్లర్ విమానాల జట్టు కూడా చేసింది. ముచ్చటగా ఉంది, కానీ సుఖోయ్‌ల తర్వాత అది బిర్యానీ తిన్నాక పాప్‌కార్న్ పెట్టినట్టుంది.

పులికాట్_పక్షి
నేలపట్టు రండి. గూడబాతులు ఏ ఇంధనమూ లేకుండా వి-ఆకారంలో వస్తాయి. లీడర్ అలిసిపోతే వెనక్కి వచ్చి ఇంకోటి ముందుకు పోతుంది. టికెట్ ఖర్చు తక్కువ.

చీమకుర్తి_గ్రానైట్
@పులికాట్_పక్షి పల్టీ కొడతాయా?

పులికాట్_పక్షి
చేప కనపడితే కొడతాయి.

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
@కందుకూరు_కెమెరా శబ్దం విషయంలో మీతో వాదించను. కానీ సుఖోయ్‌లు ఒకసారి ముందు నుంచి పోయాక మళ్లీ ఎంతసేపటికి వచ్చాయో గుర్తుందా?

ఇక్కడే అసలు కిటుకు ఉంది. విమానం తిరిగే వలయం వేగం మీద ఆధారపడుతుంది, అదీ వేగం వర్గం మీద. ఒకే జీ (మలుపులో ఒంటి మీద పడే బరువు లెక్క) లాగుతున్నప్పుడు వేగం రెట్టింపయితే వలయం నాలుగింతలవుతుంది. వేగంగా పోయే బరువైన ఫైటర్ల గుంపు జనం ముందు నుంచి పోయి, ఎక్కడో దూరంగా తిరిగి, మళ్లీ వరస కట్టుకుని రావాలి. ఈలోపు జనం మెడలు తిప్పుకుంటూ ఉండాలి. అందుకే బ్లూ ఏంజెల్స్ నలుగురిని ఒక గుంపుగా, ఇద్దరిని సోలోలుగా విడదీస్తారు. నలుగురు తిరిగొచ్చేలోపు ఆ ఇద్దరు ఖాళీని నింపుతారు. ట్రైనర్ అయితే వేగం తక్కువ, చిన్న వలయంలో తిరుగుతుంది. తొమ్మిదీ మీ కళ్ల ముందే ఉంటాయి, ఒక ఆకారం కరిగి ఇంకో ఆకారం అవుతుంటుంది. మెరీనాలో గూడూరు తమ్ముడి పిల్లాడు భుజాల మీద నుంచి చూసింది అదే. ట్రైనర్ వాడేది డబ్బు లేకే కాదు, ఆ పనికి అది సరిపోయే పనిముట్టు.

కందుకూరు_కెమెరా
ఒప్పుకుంటా, మధ్యలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే లెన్స్ మార్చుకున్నాను.

వెంకటగిరి_జరీ
మెరీనా మాట వచ్చింది కాబట్టి. మేమూ ఆ రోజు వెళ్లాం. తెల్లవారుజామున కారులో బయల్దేరి, సిటీ బయట కారు పెట్టి, రైలెక్కి, తర్వాత నడక. పదకొండుకు మొదలన్నారు. ఇసకలో నీడ అన్నది లేదు. తెచ్చుకున్న నీళ్లు పన్నెండుకే అయిపోయాయి. తిరుగు ప్రయాణంలో స్టేషన్ మెట్ల మీద కాలు కింద పెట్టే సందు లేదు. మా అత్తయ్య కళ్లు తిరిగి కూర్చుండిపోతే ఎవరో ముక్కూముఖం తెలియని అమ్మాయి మజ్జిగ ప్యాకెట్ ఇచ్చింది. ఆ రోజు ఎండకు ఐదుగురు చనిపోయారని సాయంత్రం టీవీలో చూసి రాత్రి నిద్ర పట్టలేదు. ఏ జట్టు గొప్పదని తర్వాత మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్లనీ, పిల్లల్నీ తీసుకెళ్లేవాళ్లు గొడుగు, నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ లేకుండా కదలొద్దు.

ఇక నా ఓటు సూర్యకిరణ్‌కూ కాదు, బ్లూ ఏంజెల్స్‌కూ కాదు. సారంగ్‌కు, మన ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ల జట్టుకు. హెలికాప్టర్లు ఎదురెదురుగా వచ్చి దాటుకుంటుంటే మా అత్తయ్య అంత నీరసంలోనూ "అమ్మో" అంది.

గూడూరు_నిమ్మకాయ
@వెంకటగిరి_జరీ మేమూ అదే ఇసకలో ఉన్నాం అక్కా. మావాడి తల మీద తడి తువ్వాలు వేసి కూర్చోబెట్టాను. చివరి అరగంట వాడు విమానాలు చూశాడు, నేను ఐస్ బండి ఎక్కడుందా అని చూశాను.

కావలి_కుర్రోడు
హెలికాప్టర్లను ఈ లెక్కలోకి తేవద్దు అక్కా. ఎడ్ల పందెంలోకి గుర్రాన్ని తెచ్చినట్టు ఉంటుంది.

ఒంగోలు_గిత్త
ఎడ్ల మాట ఎత్తితే నన్ను పిలవాలి.

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
@కావలి_కుర్రోడు తేవాలి. హెలికాప్టర్‌తో విన్యాసాలు చేసే సైనిక జట్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సారంగ్ వాళ్లు నడిపే ధ్రువ్ హెలికాప్టర్ రోటర్‌కు (పైన తిరిగే రెక్కల చక్రానికి) మడత బందులు ఉండవు, రెక్కలు తలకు గట్టిగా బిగించి ఉంటాయి. అందుకే పైలట్ కంట్రోల్ కర్ర కదిపితే వెంటనే ఒళ్లు తిప్పుతుంది. 2003లో జట్టు కట్టి, 2004లో సింగపూర్‌లో మొదటిసారి జనం ముందు ఎగిరారు. సారంగ్ అంటే నెమలి, రంగులు కూడా నెమలివే. 2025 యలహంకలో వాళ్లు కనపడకపోవడానికి కారణం, ఆ జనవరిలో పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలాక ధ్రువ్‌లన్నిటినీ నేల మీద నిలిపేశారు.

ఒంగోలు_గిత్త
మీరంతా చెన్నై, బెంగళూరు అంటున్నారు. మన కొరిశపాడు–రేణింగవరం దగ్గర హైవే మీదికే విమానాలు వచ్చాయి, మర్చిపోయారా? 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు, అత్యవసరమైతే విమానం దిగడానికి కట్టింది. 2022 డిసెంబరు 29న సుఖోయ్, తేజస్ నేలకు తగలకుండా కిందికి వచ్చి మళ్లీ లేచాయి. మేము ట్రాక్టర్ ట్రక్కు ఎక్కి చూశాం. పోలీసులు దూరంగానే ఆపేశారు. అయినా ఆ సుఖోయ్ లేచినప్పుడు పక్క చేలో గేదె తాడు తెంపుకుని పోయింది, సాయంత్రం దాకా వెతికారు. 2024 మార్చి 18న రెండోసారి రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్లీ ఎగిరాయి. ఆ రోజు వచ్చినవాటిలో హాక్ కూడా ఉంది. కాబట్టి బావగారికి చెప్పండి, మీ బ్లూ ఏంజెల్స్ ఎప్పుడన్నా మన నేషనల్ హైవే మీదికి వచ్చాయా అని.

చీమకుర్తి_గ్రానైట్
2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు అది బాపట్లలోకి పోయింది గదా గిత్తన్నా.

ఒంగోలు_గిత్త
కాగితం మీద పోయింది. గేదె మాదే.

బిట్రగుంట_బండి
నెల్లూరుకు దగదర్తిలో ఎయిర్‌పోర్టు అని 2019లో శంకుస్థాపన చేశారు. ప్రయాణికుల విమానం ఇంకా చూడలేదు. ఒంగోలోళ్లకు హైవే మీద సుఖోయ్ వచ్చింది. ఇది ఏ న్యాయం?

వేదిక_నిర్వాహకుడు
ఎయిర్‌పోర్టు ఎవరి వల్ల ఆగిందనే చర్చ ఇక్కడ మొదలుపెట్టొద్దు. పోయినసారి ఆ చర్చను రాత్రి రెండింటికి తాళం వేయాల్సి వచ్చింది.

చీమకుర్తి_గ్రానైట్
బావతో పందెం కాబట్టి దూరాల లెక్క చెప్తా. బ్లూ ఏంజెల్స్ బాగా దగ్గరికి వచ్చినప్పుడు విమానానికీ విమానానికీ మధ్య 18 అంగుళాలు అంటారు. అంటే సరిగ్గా ఒక మూర. మల్లెపూలు కొలిచే మూర! సూర్యకిరణ్ వాళ్లు ఐదు మీటర్ల లోపు అంటారు, మూడు బారలు అనుకోండి. ఈ లెక్కన బావ గెలిచాడు. సారీ తమ్ముడూ.

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
అంత తొందరగా తీర్పు ఇవ్వకండి. ఆ మూరెడు దూరం ఒకటి రెండు విన్యాసాల్లో, నలుగురి మధ్య. ఐదు మీటర్ల మాట తొమ్మిదింటి మధ్య. వెనక వరసలో ఉన్నవాడి కష్టం నేను చెప్తా, వినండి. లీడర్ పిసరంత కదిలితే పక్కవాడు సర్దుకుంటాడు, పక్కవాణ్ణి చూసి ఆ పక్కవాడు. చివరికి వచ్చేసరికి ఆ పిసరంత ఊగులాట పెద్దదవుతుంది. తిరునాళ్లలో తాడు పట్టుకుని వరసగా నడిచే పిల్లల్లో చివరివాడు పరిగెత్తాల్సి వస్తుంది చూశారా, అట్నే. ఆరుకు తొమ్మిదికి తేడా మూడు కాదు.

ఇంకోటి, వరసలో ఉన్న పైలట్ ముందుకు చూడడు. పక్క విమానం మీద రెండు గుర్తులు పెట్టుకుంటాడు. అవి రెండూ ఒక గీతలో ఉండేట్టు విమానాన్ని పట్టుకుంటాడు, అంతే. నేల ఎక్కడుంది, సముద్రం ఎక్కడుంది అనేది లీడర్ చూసుకోవాలి. 1982 జనవరిలో నెవాడా ఎడారిలో థండర్‌బర్డ్స్ సాధన చేస్తుండగా లీడర్ విమానం లూప్‌లోంచి (నిలువు పల్టీలోంచి) పైకి లేవలేదు. పక్కన ఉన్న ముగ్గురూ అతనితోపాటే నేలను కొట్టారు. నలుగురూ పోయారు. లీడర్ మీద అంత నమ్మకం లేకపోతే వరస నిలవదు. నమ్మకం ఉంటే ఇదీ జరగొచ్చు.

బిట్రగుంట_బండి
నవ్వుకుంటూ చదువుతున్నా, ఇక్కడికి వచ్చి ఆగిపోయాను. 2010 మార్చి 3న నేను హైదరాబాదులో కోచింగ్‌లో ఉన్నాను. బేగంపేటలో ఏవియేషన్ షో. పాస్ లేదు, రూమ్ మేడ మీద నుంచి చూస్తున్నాం. నేవీ వాళ్ల సాగర్ పవన్ జట్టు, కిరణ్ విమానాలే. పొగ గీతలు పైనుంచి కిందికి వస్తూ విచ్చుకుంటుంటే చప్పట్లు కొడుతున్నాం. ఒక గీత మాత్రం మళ్లీ పైకి లేవలేదు. ఇళ్ల వెనక నల్లటి పొగ లేచింది. అది కూడా విన్యాసంలో భాగమనుకుని మా రూమ్మేట్ ఇంకా రెండు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది. ఇద్దరు పైలట్లు పోయారు. తర్వాత ఆ జట్టు మళ్లీ ఎగరలేదు.

వెంకటగిరి_జరీ
2019లో యలహంకలో షోకు ముందురోజు సూర్యకిరణ్ విమానాలు రెండు గుద్దుకున్నాయి కదా. ఒక పైలట్ పోయారు. 2025 నవంబరులో దుబాయ్‌లో తేజస్ కూలిన వీడియో మా పాప చూసి, ఇంక మనం వెళ్లొద్దమ్మా అంది. ఏం చెప్పాలో తెలియలేదు. జనం మీద పడితే?

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
పాప అడిగింది మంచి ప్రశ్న. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్‌లో పడింది. ఇటలీ జట్టు ఆకాశంలో గుండె బొమ్మ గీస్తుంటే, సోలో విమానం దాన్ని బాణంలా చీల్చుకుంటూ జనం వైపు రావాలి. లెక్క తప్పి మిగతావాటిని గుద్దింది. 70 మంది పోయారు, అందులో 67 మంది చూడటానికి వచ్చినవాళ్లు. ఆ తర్వాత చాలా దేశాలు నియమాలు మార్చుకున్నాయి. జనం వైపు దూసుకొచ్చే విన్యాసాలు ఆపడం, జనానికీ విమానాల గీతకూ మధ్య దూరం పెంచడం, తల మీద పల్టీలు కొట్టకపోవడం. మెరీనాలో అంతా సముద్రం మీదే ఎందుకు జరిగిందో ఆలోచించండి. మీకు దూరంగా అనిపించిందంటే అది మంచికే. పాపకు భయమైతే ఈ ఏడాది వద్దులెండి. వచ్చేసారి తనే అడుగుతుంది.

కందుకూరు_కెమెరా
ఈ దూరం మీద ఫొటోల గ్రూపుల్లో ఏడుపులు చూస్తుంటాను. ఇంకా దగ్గరికి రావాలట. పెద్ద లెన్స్ అద్దెకు తెచ్చుకోండి. జెట్‌లకు షటర్ సెకనులో వెయ్యో వంతు కన్నా వేగంగా పెట్టండి, సారంగ్‌కు మాత్రం 250వ వంతు దగ్గరికి దించండి. లేకపోతే రోటర్ ఆగిపోయినట్టు పడి, హెలికాప్టర్ దారానికి వేలాడుతున్న బొమ్మలా ఉంటుంది.

గూడూరు_నిమ్మకాయ
ఆ రంగుల పొగ ఏంటని మావాడి ప్రశ్న. నేను హోలీ రంగు అని చెప్పాను.

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
రంగు వరకు దగ్గరగానే వచ్చారు. ఇంజిన్ వెనక నుంచి వచ్చే వేడి గాలిలోకి డీజిల్ చిమ్ముతారు. అది మండదు, ఆవిరై చల్లబడి తెల్లటి మంచులా కనపడుతుంది. రంగు కావాలంటే అందులో రంగు కలుపుతారు. అందం కోసమే కాదు. ఎదురెదురుగా వచ్చే జంటకు అవతలి విమానం ఎక్కడుందో ఆ పొగే చెప్తుంది. ఒక్కోటి గంటకు 600 కిలోమీటర్లతో వస్తుందనుకోండి, ఇద్దరూ కలిసి సెకనుకు 330 మీటర్లకు పైగా దగ్గరవుతుంటారు. రెప్ప వేసి తీసేలోపు ఫుట్‌బాల్ మైదానం అయిపోతుంది.

పులికాట్_పక్షి
గూడబాతులు పొగ కూడా వదలవు.

చీమకుర్తి_గ్రానైట్
వదిలేది వదులుతాయి. నా కారు మీద చూశాను.

కావలి_కుర్రోడు
సరే, ఇంకో పాయింట్ బ్లూ ఏంజెల్స్ తరఫున. వాళ్లు జీ-సూట్ వేసుకోరు, తెలుసా? ఒంట్లో రక్తం కాళ్లలోకి దిగిపోకుండా ఫైటర్ పైలట్లు వేసుకునే గాలి ప్యాంటు అది. అది లేకుండా అన్ని జీలు లాగుతారు. ఇది గొప్ప కాదా?

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
గొప్పే. కాళ్లు, పొట్ట కండరాలు బిగబట్టి లాక్కొస్తారు. కానీ ఎందుకు వేసుకోరో కూడా చెప్పు తమ్ముడూ. చెయ్యి తొడ మీద ఆనించి కర్ర పట్టుకుంటారు. ఆ కర్రను ముందుకు లాగేట్టు స్ప్రింగ్ కట్టి ఉంటుంది, సుమారు 18 కిలోల బరువు. షో అంతా దాన్ని వెనక్కి పట్టి ఉంచితే చెయ్యి వణకదు. జీ-సూట్ ఉబ్బితే తొడ కదిలి చెయ్యి కదులుతుంది. పక్కవాడు మూరెడు దూరంలో ఉన్నప్పుడు అది కుదరదు.

కందుకూరు_కెమెరా
ఇది చదివాక బ్లూ ఏంజెల్స్ మీద నాకు గౌరవం పెరిగింది. ఎక్స్‌సర్వీస్ గారూ, మీరు ఎవరి వైపు?

కనిగిరి_ఎక్స్‌సర్వీస్
బీదర్ వైపే. మొదట్లోనే చెప్పాను.

గూడూరు_నిమ్మకాయ
ఆదివారం అయిపోయింది. జరిగింది చెప్తా.

రెడ్ యారోస్‌ది హాకే అని నేను మొదలుపెట్టాను. బావ ఫోన్ తీసి వెతికాడు, ఒప్పుకోలేదు గానీ మాట మార్చాడు. థండర్‌బర్డ్స్ ట్రైనర్ల సంగతి సరిగ్గా పెరుగన్నం దగ్గరే చెప్పాను. "అది పాత కథ" అన్నాడు. అప్పుడు మావాడు "మామయ్యా, బ్లూ ఏంజెల్స్ జీ-సూట్ ఎందుకు వేసుకోరు?" అని అడిగాడు. బావ "ధైర్యం ఎక్కువ" అన్నాడు. వాడు స్టీలు గరిటె తెచ్చి, తొడ మీద చెయ్యి ఆనించి, స్ప్రింగ్ సంగతి మొత్తం చేసి చూపించాడు. రెండో అక్క నవ్వి నవ్వి కొరబోయింది.

పందెం మాత్రం తేలలేదు. పులుసు నేనే పెట్టాను.

చీమకుర్తి_గ్రానైట్
నేను ముందే చెప్పాను.

వెంకటగిరి_జరీ
ఏ చేప?

గూడూరు_నిమ్మకాయ
కొరమీను అక్కా. మామిడికాయ లేదు, చింతపండుతో లాగించాం.

కందుకూరు_కెమెరా
యలహంక షో రెండేళ్లకోసారి కదా, మళ్లీ 2027 ఫిబ్రవరిలో ఉండాలి. విన్యాసాలు మాత్రమే చూసేవాళ్లకు వేరే టికెట్ ఉంటుంది, 2025లో వెయ్యి రూపాయలు. నేను కందుకూరు నుంచి కారులో వస్తా. నాయుడుపేట దగ్గర తిరిగి తిరుపతి, చిత్తూరు, కోలారు మీదుగా పోవచ్చు. మూడు సీట్లు ఖాళీ.

బిట్రగుంట_బండి
ఒకటి నాకు. షో చూడాలో వద్దో అక్కడికి వచ్చాక తేల్చుకుంటా.

ఒంగోలు_గిత్త
నాకొకటి. గేదెను తీసుకురాను.

గూడూరు_నిమ్మకాయ
మూడోది మావాడికి. నేను డిక్కీలో కూర్చుంటా.